నీళ్లు పోసి పోసి చంపినం

పోయినేడు ఎండాకాలం, ఒక పొద్దున మా చిన్నమ్మ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. చిన్నమ్మ ఫొటోలు పంపే మనిషి కాదు. ఆమెవన్నీ వాయిస్ మెసేజ్‌లే, అవి కూడా మూడు నిమిషాలకు తక్కువ ఉండవు. అందుకే ఆ ఫొటో చూడగానే ఏదో జరిగిందని అర్థమైంది.

నల్ల కవర్ల వరస. ఒక్కో కవర్లో వేలెడంత బొప్పాయి మొలక. అన్నీ పడుకొని ఉన్నాయి, తలా ఒక దిక్కుకి. ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది. నేను ఆరోజు దాన్ని గమనించనే లేదు.

వెనకాలే వాయిస్ వచ్చింది. "బిడ్డా, నర్సరీల మొక్కలన్ని ఒరిగిపోతున్నయి. పైనుంచి వచ్చిన సారు నీళ్లు పోస్తలేవని కోపానికొచ్చిండు. నేను పొద్దుమాపు పోస్తనే ఉన్న. ఇట్లనే పోతే కూలి ఆపుతా అన్నడు. ఏం జేయాలె?"

మాది దేవరకొండ దిక్కు పల్లె. చిన్నమ్మ అక్కడి పంచాయతీ నర్సరీలో ఉపాధి హామీ కింద పని చేస్తది. హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని నేనిచ్చిన మహా సలహా ఏందంటే, "ఎండలు దంచుతున్నయి కదా చిన్నమ్మా, మూడో పూట కూడా పొయ్యి." ఆమె నమ్మింది. పాపం, పోసింది. నాలుగు రోజుల్లో బొప్పాయి బెడ్డు మొత్తం పోయింది, పక్కనున్న ఉసిరి బెడ్డు కూడా ఒరగడం మొదలుపెట్టింది.

నల్గొండలో పుట్టినోళ్లకు ఇంకో అనుమానం ఎట్లొస్తది చెప్పండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా. అటుపక్క పాలమూరు, చినుకు లేక ఊళ్లకు ఊళ్లు ముంబైకి, పుణెకి పనికి పోయిన జిల్లా. ఇక్కడ ఏది చచ్చినా మొదట అడిగేది ఒకటే: నీళ్లున్నయా? మొక్క పోతే నీళ్లు పొయ్యలేదనే అంటరు. నీళ్లు ఎక్కువై పోయిందంటే నవ్వుతరు.

ఆ ఆదివారం నాతోపాటు అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన దోస్తును తోలుకపోయిన. వాడు నర్సరీలోకి పోయి మొక్కల్ని చూడలేదు. కవర్ల కింద చెయ్యి పెట్టి చూసిండు. కింద బురద. ఒక కవర్‌ను బోర్లిస్తే మట్టి పేడముద్ద లెక్క జారింది. తర్వాత ఇంకా నిలబడే ఉన్న ఒక ఉసిరి మొలకను మెల్లగా పీకి, వేరును రెండు వేళ్ల మధ్య పట్టి లాగిండు. వేరు పైతోలు సర్రున ఊడి వాని వేళ్లకు అంటుకుంది. లోపల సన్నని దారం ఒకటి మిగిలింది, ఎలుక తోక లెక్క. మంచి వేరు అట్ల ఊడదు. తెల్లగా, గట్టిగా ఉంటది.

"ఇది ఎండ కాదురా, నారుకుళ్లు," అన్నడు. "ఎండకు పోయే మొక్క ముందు ఆకు వాలుస్తది, తర్వాత ఎండుతది. ఇది ఆకు పచ్చగ ఉండంగనే మొదట్ల విరిగి పడుతది."

మొదట్లో, అంటే మట్టి పైకి కాండం వచ్చే చోట, చూపించిండు. అక్కడ కాండం నీళ్లలో నానినట్టయి, నొక్కుకుపోయి, కుట్టుదారమంత అయింది. పైన ఆకులకు సంగతి ఇంకా తెలియదు. మన రైతులకు ఇది కొత్త కాదు. మిరప నారు, టమాట నారు పోసేవాళ్లందరికీ తెలుసు. మాగుడు తెగులు అని కూడా అంటరు. మొలక మట్టిలోంచి బయటికి రాకముందే కుళ్లితే "గింజ మంచిది కాదు" అనుకుంటం. వచ్చినంక పడితే "ఎండ" అనుకుంటం. రెండిటికీ కారణం ఒకటే కావచ్చు.

ఆ కారణాల్లో ముఖ్యమైనదాని పేరు పిథియం. చాలా ఏళ్లు దాన్ని శిలీంధ్రం అనే అనుకున్నరు. నిజానికి అది బూజుల కుటుంబం కాదు, సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచుకు దగ్గరి చుట్టం. అది వదిలే విత్తనాల లాంటి కణాలకు రెండు తోకలుంటయి. మట్టిరేణువుల మధ్య నీళ్లుంటే చాలు, ఆ తోకలు ఆడించుకుంట ఈదుతయి. వేరు ఎక్కడుందో వాటికి వాసన వస్తది. నీళ్లలో మునిగి ఊపిరాడని వేరు చక్కెరలూ అవీ బయటికి కారుస్తది, అదే వాటికి లొకేషన్ షేర్ చేసినట్టు. అంటే మేం మూడో పూట పోసిన నీళ్లు మొక్కకు కాదు, దాన్ని తినేటోనికి రోడ్డు వేసినయి.

పిథియంలో ఒక రకానికి మన వేడి అంటే ఇష్టం కూడా. చలిదేశాల తెగులు, మన ఎండల్లో ఏం బతుకుతదిలే అనుకోవద్దు. ముప్పై ఐదు డిగ్రీల దగ్గర అది హాయిగా ఉంటది. పైన షేడ్ నెట్, కింద తడి, మధ్యలో వేడి. దానికి ఇంకేం గావాలె?

ఇంటికొచ్చి ఆ రాత్రి ఫోన్‌లో దీని గురించే చదువుకుంట కూర్చున్న. రీల్స్‌లో పడి పోయే రెండు గంటలు ఇందులో పోయినయి. అమెరికాలో నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం. అక్కడ ఇసుక గుట్టలు, గడ్డి తప్ప చెట్టు లేని నేల. మన పాలమూరు గుట్టలు చూసి ఇక్కడ అడవి పెంచుదాం అని ఎవరికైనా అనిపిస్తది కదా, అక్కడ చార్లెస్ బెస్సీ అనే వృక్షశాస్త్రవేత్తకు అట్లనే అనిపించింది. 1902లో హాల్సీ అనే చోట ప్రభుత్వం అడవి నర్సరీ పెట్టింది. పైన్ మొలకలు పోసిండ్రు. మనం సినిమాల్లో చూసే సూదుల ఆకుల చెట్టు, అరకు పోయినోళ్లు కింద నిలబడి ఫొటోలు దిగే చెట్టు, అదే. అడవి చేద్దామని పోసిన ఆ పైన్ నారు బెడ్లలోనే ఒరిగి పడేది.

అప్పటి అమెరికా నర్సరీలన్నిటికీ ఇదే గోస. కార్ల్ హార్ట్‌లీ అనే ఆయన ఏళ్ల తరబడి దీని వెంట పడి, 1921లో అడవి నర్సరీల నారుకుళ్లు మీద ఒక పెద్ద ప్రభుత్వ బులెటినే రాసిండు. అంతకుముందు వాళ్లు చేసిన మందు వింటే దిమ్మ తిరుగుతది. నారుమడిలో పలచగా చేసిన సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసేవాళ్లు. పైన్‌కు పుల్లటి నేల పడుతది, ఈ తెగులుకు పడదు. లెక్క అది. మన వేపకు, చింతకు అట్ల చేస్తే ఏమైతదో మాత్రం ఎవరూ ప్రయోగం చేయకండి.

తర్వాత కాలంలో మిథైల్ బ్రోమైడ్ అనే వాయువును మట్టిలోకి ఎక్కించి, పైన కవర్ కప్పి, లోపలున్న ప్రాణమంతా చంపి, ఆ మట్టిలో విత్తనాలు పోసేవాళ్లు. ఏళ్ల తరబడి పైన్, ఫర్ నర్సరీలు దాని మీదనే బతికినయి. ఆ వాయువు ఓజోన్ పొరను తింటదని తేలింది. 1987 మాంట్రియల్ ఒప్పందం కింద తర్వాత దాన్ని కూడా చేర్చిండ్రు, ధనిక దేశాలు 2005 నాటికి మామూలు వాడకం ఆపాలన్నరు. అప్పుడు మళ్లీ అందరూ మొదటి పాఠానికి వచ్చిండ్రు. నీళ్లు, మట్టి, శుభ్రం.

నార్త్ కరోలినాలో ఉండే మా పెద్దమ్మ కొడుకుకు ఈ సంగతి ఫోన్‌లో చెప్తే నవ్విండు. వాళ్లుండే కేరీలో మన తెలుగోళ్లు బాగానే ఉంటరు. డిసెంబర్‌లో పిల్లలు అడుగుతరని వాళ్లింట్లో కూడా క్రిస్మస్ చెట్టు తెస్తరు. ఫ్రేజర్ ఫర్ అంటరు, ఆ రాష్ట్రం కొండల చెట్టే. వాళ్లన్న అది కొన్న రైతును అడిగి నాకు చెప్పిన ముచ్చట ఇది: ఆ చెట్టుకు కూడా వేరుకుళ్లే శత్రువు. ఫైటోఫ్తోరా, మన పిథియంకు తోడబుట్టినంత దగ్గరిది. నీళ్లు నిలిచే నేలలో ఒక్కసారి చొరబడిందంటే ఆ తోటలో మళ్లీ ఫ్రేజర్ ఫర్ పెట్టడం కష్టం. ఆ చెట్టుకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. అందుకని జపాన్‌లో పెరిగే మోమి ఫర్ అనే ఇంకో చెట్టు వేరు మీద దీన్ని అంటుకడుతున్నరంట.

ఈ మాట వినంగనే నాకు నల్గొండ బత్తాయి యాదికొచ్చింది. మనం తినే సాత్‌గుడి బత్తాయి తన వేరు మీద తాను నిలబడదు. కింద రంగపూర్ నిమ్మ వేరు ఉంటది, పైన బత్తాయి అంటు. ఒకప్పుడు జంబేరి మీద కట్టేటోళ్లు. రంగపూర్ మీద కట్టినవే మన నేలల్లో ఎక్కువ కాలం నిలబడతయని శాస్త్రవేత్తలు చెప్పినంక మారిండ్రు. బత్తాయి చెట్టుకు పాదు చేసేటప్పుడు మొదలుకు నీళ్లు తగలకుండా రెండు వలయాలు కట్టాలని చెప్తరు కదా, కాండం చుట్టూ చిన్న కట్ట, దాని బయట నీళ్ల పాదు. అది ఎందుకో చిన్నప్పుడు నాకు తెలియదు. తాత చేసేవాడు, మేం ఆ కట్టల మీద ఎగిరి తొక్కి తిట్లు తినేటోళ్లం. ఇప్పుడు తెలిసింది. కరోలినా కొండలోళ్లు, కొండమల్లేపల్లి రైతులు ఒకే దొంగకు తాళం వేస్తున్నరు.

చిన్నమ్మ నర్సరీకి తిరిగొస్తే, అసలు తప్పు నీళ్లలో ఎంతుందో మట్టిలో అంతకన్నా ఎక్కువుంది. కవర్లు నింపడానికి ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఇసుక కలపాలి. మావూళ్లో ఇసుక దొరకలేదు. చెరువు మట్టి ట్రాక్టర్ ఊరికే దొరికింది. మిషన్ కాకతీయ నాటినుంచీ చెరువు మట్టి అంటే మనకు బంగారం. చల్క పొలంలో పోస్తే నిజంగానే బంగారం, తడి పట్టి ఉంచుతది. కానీ అరచేతి వెడల్పు ప్లాస్టిక్ కవర్లో పోస్తే అదే గుణం శాపం. పోసిన నీళ్లు పోవు. కవర్ల కింద రంధ్రాలు ఉన్నయా అంటే ఉన్నయి, బురదలో కూరుకుపోయి మూసుకున్నయి.

ఎరువు కూడా పూర్తిగా మాగలేదు. పచ్చి పేడ వేడి చేస్తది, తెగుళ్లకు తిండి పెడతది. కవర్‌కు ఒక్క గింజ బదులు మూడు నాలుగు వేసిండ్రు, మొలవకపోతే మాట పడాలని భయం. అన్నీ మొలిచి గుబురుగా, గాలి ఆడకుండా అయినయి. ఇందులో ఏ ఒక్కటీ చిన్నమ్మ ఇష్టంతో చేసింది కాదు.

ఇంకో రకం చావు కూడా ఉంది, దాని గురించి చెప్పకపోతే "సరే, ఇక నీళ్లు తగ్గించుడే" అని మీరు అటువైపు పడతరు. పాలమూరు, నల్గొండ ఆముదం పండే నేలలు. ఆముదంలో, నువ్వులో, జొన్నలో, శనగలో వచ్చే ఒక వేరుకుళ్లు ఉంది. దీని పేరు మాక్రోఫోమినా, ఇది నిజమైన శిలీంధ్రమే. దీనికి తడి అక్కర్లేదు. వేడి, బెట్ట, ఆకలితో ఉన్న మొక్క కావాలి. వేరు, కాండం తోలు కింద గీరి చూస్తే బొగ్గు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తయి. ఆ చుక్కలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయి ఉంటయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు శనగలో ఇది వేడితో, నేల ఎండడంతో పెరుగుతదని చూపిస్తున్నరు. అమెరికా దక్షిణాది నర్సరీల్లో పైన్ నారుకూ ఇదే తగులుతది. కాబట్టి ఆముదం చేను మట్టి తెచ్చి కవర్లు నింపినా, మూడు రోజులు నీళ్లు మరిచి నల్ల కవర్లను మండుటెండలో వదిలేసినా, ఈ రెండోవాడు లేస్తడు. నర్సరీ నడపడం అంటే ఈ ఇద్దరి మధ్య సన్నని గట్టు మీద నడవడమే. దానికి మనం ఇచ్చే కూలి, ఇచ్చే ట్రైనింగ్ చూస్తే సిగ్గేస్తది.

సిగ్గు అంటే గుర్తొచ్చింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి తెలుసు కదా, ఏడు వందల ఏళ్ల చెట్టు అని చెప్పుకుంటం. 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ విరిగింది, చెదలు తొలిచేసినయని తేలింది. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించిండ్రు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగినయి, నేను కూడా స్టేటస్ పెట్టుకున్న. మంచి పనే, చెట్టు కోలుకుంది కూడా. కానీ అదే జిల్లాలో ఊరూరా నర్సరీల్లో వేలెడు మొలకలు ఒరిగిపోతే స్టేటస్ ఉండదు. మళ్లీ గింజలేసి కవర్ నింపేస్తరు. లెక్క సరిపోతది.

లెక్క మాట ఊరికే అనలేదు. 2015 జూలైలో హరితహారం మొదలైంది. 230 కోట్ల మొక్కలు అన్నరు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకపోతే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద చర్య ఉంటదని రాసిండ్రు. ఇంటికి ఆరు మొక్కలు పంచిండ్రు. ఇప్పుడు దాని పేరు వనమహోత్సవం. పేరు ఏదైనా, ఆ 85 లెక్క మొదలయ్యేది గుంతలో పెట్టినంక. గుంత దాకా వచ్చిన మొక్క వేరు ఎట్లుంది అని ఎవరు చూస్తరు? సగం కుళ్లిన వేరుతో, పైన నాలుగు పచ్చటి ఆకులతో వచ్చిన మొక్క వానల్లో నెల రోజులు బాగానే కనిపిస్తది. సెల్ఫీలో కూడా బాగానే పడుతది. అక్టోబర్‌లో పోతది. అప్పుడు మేక తిన్నదనో, ఊరోళ్లు నీళ్లు పొయ్యలేదనో అంటం. మావూళ్లో చాలా మేకల మీద ఇట్ల అన్యాయంగా కేసులున్నయని నా అనుమానం.

ఈసారి చిన్నమ్మ ఏం చేసిందో చెప్తా. మా దోస్తు చెప్పినదాంట్లో ఆమెకు కుదిరినవే చేసింది. ఏప్రిల్‌లో కవర్లు నింపే మట్టిని నేల మీద జానెడు మందం పరిచి, తడిపి, పైన తెల్లటి పారదర్శకమైన పాలిథిన్ షీట్ కప్పి, అంచులు మట్టితో మూసేసింది. నల్లది కాదు, తెల్లదే. ఎండ లోపలికి పోవాలి కదా. ఐదు వారాలు అట్లనే ఉంచింది. 1976లో ఇజ్రాయెల్‌లో కాటన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు లోకానికి చూపించిన పద్ధతి ఇది. మన ఎండకు కరెంట్ బిల్లు లేదు. తడి మట్టిలో వేడి బాగా పారుతది, పిథియం లాంటివి చాలావరకు చస్తయి. బొగ్గు చుక్కల తెగులు మాత్రం వేడికి మొండిది, దానికి ఎండ ఒక్కటే సరిపోదు. అందుకే ఆముదం, నువ్వు చేన్ల మట్టి అసలు తేలేదు.

చెరువు మట్టి తగ్గించి, వాగు ఇసుక రెండు బండ్లు తెప్పించింది. దాని కోసం పంచాయతీలో ఎంత కొట్లాడిందో ఆ వాయిస్ మెసేజ్ తొమ్మిది నిమిషాలు, ఇక్కడ రాయలేను. కవర్లను బురదలో కాకుండా కంకర పరిచి దాని మీద పేర్చింది. క్వింటాలు దాకా మాగిన ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచులు కప్పి రెండు వారాలు ఉంచింది. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, కానీ తోటి శిలీంధ్రాల మీద పడి బతికేది. ఆ మాగిన ఎరువును మట్టిలో కలిపింది. ఎక్కడన్నా ఒకటి రెండు కవర్లలో మొలక ఒరిగితే వాటిని దూరంగా పారేసి, చుట్టుపక్కల కవర్లకు మాత్రం లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోసింది. ట్రైకోడెర్మా వేసిన చోటంతా కాపర్ పోస్తే మన మనిషినే మనం చంపుకున్నట్టు, అందుకే అంతటా పొయ్యలే.

ఇక నీళ్లు. పొద్దున ఒక్కసారి, రోజ్ క్యాన్‌తో. సాయంత్రం పోస్తే రాత్రంతా తడి. పోసే ముందు కవర్లో వేలు ఒక గణుపు దాకా పెట్టి చూసుడు. తడి తగిలితే పొయ్యదు.

అంతా బాగానే ఉంది, ఒక్కటే చిక్కు. మొన్న మళ్లీ తనిఖీ ఉందన్నరు. కవర్ల పైమట్టి పొడిగా కనిపిస్తది కదా, వచ్చినాయన చూసి మళ్లీ అదే మాట అంటడని చిన్నమ్మకు భయం. నిన్న వచ్చిన వాయిస్ ఇది:

"మొక్కలు మంచిగున్నయి బిడ్డా. ఉసిరి జానెడయింది. ఇయ్యాల వేలు పెట్టి చూసిన, తడి ఉంది, పొయ్యలే. సారు వస్తున్నడంటే బిందె తీస్కొని నడిచే తొవ్వల మాత్రం నీళ్లు చల్లిన. తొవ్వ తడిగుంటే సారుకు మంచిగనిపిస్తది."